విడిభాగములలో తుపాకి ఏది?

ఒక వస్తువును విప్పి దాని భాగములన్నిటిని బల్లమీద పరచినప్పుడు ఆ వస్తువు ఎక్కడ ఉన్నట్లు? గడియారమును విప్పినచో చక్రములు, స్ప్రింగులు, మరమేకులు కనబడునుగాని గడియారము కనబడదు. పూర్వము యవనరాజైన మిలిందునితో బౌద్ధభిక్షువైన నాగసేనుడు రథమునుగూర్చి ఇట్టి ప్రశ్ననే వేసెను. ఇరుసు రథమా? చక్రము రథమా? నొగ రథమా? ఏదియు కాదు, అన్నియు కూడినప్పుడు మనము వాడు పేరే రథమని తేలినది. ఇది వేదాంతుల గోష్ఠికి మాత్రమే తగిన ప్రశ్న అని తోచును. కాని అమెరికా దేశపు శాసనకర్తలును న్యాయమూర్తులును అర్ధశతాబ్దికి పైగా ఈ ప్రశ్నతోనే చిక్కుపడుచున్నారు. వారి యెదుట నున్నది రథము కాదు, తుపాకి.

ఆ దేశములో అనేకులు రైఫిలును అంగడిలో పూర్తిగా కొనక, దాని భాగములను ఒక్కొక్కటిగా కొని ఇంటిలోనే కూర్చుకొందురు. ఈ నెల గొట్టము, వచ్చు నెల మడమ, ఆపై నెల మీట అన్నట్లు, జీతములో మిగిలిన డబ్బునుబట్టి సమకూర్చుకొనువారును కలరు. వారు కూర్చునది నాటు తుపాకి కాదు. సైన్యములు వాడిన జాతికి చెందిన అర్ధస్వయంచాలక రైఫిలు. ఇది ఎట్లు సాధ్యమైనది? ఇందులో నిజమైన పొదుపు ఎంత? ప్రమాదము ఎక్కడ? భాగములు చేతులు మారుచుండగా తుపాకి ఏ క్షణమున పుట్టినదని చట్టము చెప్పవలెను? ఈ విషయములను మేమిక్కడ వివరింపదలచితిమి. తుపాకి చేయు పద్ధతిని నేర్పుట మా ఉద్దేశము కాదు. అనుమతి లేక ఆ పని చేయుట మన దేశములో పెద్ద నేరము. ఒక యంత్రము విడిభాగముల సముదాయముగా మారినప్పుడు కలుగు మేలును, దానివెంట వచ్చు చిక్కును చూపుటయే మా తలంపు.

ఆకురాయి నాటి తుపాకి

18వ శతాబ్దిలో తుపాకి ఏ దేశమందైనను పనివాని చేతిలో పుట్టెడిది. గొట్టమును కమ్మరి కొలిమిలో కాల్చి సాగగొట్టును. మడమను వడ్రంగి చెక్కును. చకుముకిరాతిని ఉక్కుపై కొట్టి నిప్పు రాల్చు చిన్న యంత్రమును మరియొకడు చేయును. చివరకు ఒక నేర్పరి ఆకురాయి పట్టి, ఇచ్చట కొంచెము అరగదీసి, అచ్చట కొంచెము తట్టి, అన్నిటిని ఒకదానికొకటి అమర్చును. ఒక తుపాకిలోని మరమేకు ప్రక్కనున్న తుపాకిలో పట్టదు. యుద్ధరంగములో చిన్న స్ప్రింగు విరిగినను ఆ తుపాకి మూలబడవలసినదే. లేనిచో మరల ఒక నేర్పరి చేతికి పోవలసినదే.

ఈ బాధను తొలగింప పూనుకొన్నవారిలో ఒనొరే బ్లాం అను ఫ్రెంచి పనివాడు ముఖ్యుడు. 1785లో ఫ్రాన్సులో అమెరికా రాయబారిగా ఉండిన థామస్ జెఫర్సన్ అతని కర్మశాలను చూడబోయెను. 50 తుపాకుల నిప్పుయంత్రములను విప్పి, ఏ జాతి భాగములను ఆ జాతి గడిలో పోసి యుంచిరి. జెఫర్సన్ చేతికి అందిన ముక్కను అందినట్లు తీసికొని స్వయముగా కొన్ని యంత్రములను కూర్చి చూచెను. అన్నియు చక్కగా అతికినవి. ఆ సంగతిని ఆయన వెంటనే తన ప్రభుత్వమునకు వ్రాసి పంపెను. ఆ శతాబ్ది చివర మరియొక ఫ్రెంచివాడైన రేమండు హైదరాబాదులో నిజాము కొలువున ఫిరంగులు పోతపోయించుచుండెను. గన్‌ఫౌండ్రీ అను పేటపేరు నేటికిని దానిని జ్ఞప్తికి తెచ్చుచున్నది. అచ్చట పోతపోసిన ఫిరంగి దేనికదే. బ్లాం చూపినది అందుకు వేరైన త్రోవ.

ఆ త్రోవన నడచుట మాత్రము సులభము కాలేదు. 1798లో ఈలై విట్నీ అను అమెరికనుడు రెండేండ్లలో 10,000 తుపాకులను ఇత్తునని ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొనెను. 1801లో వాషింగ్టనులో పెద్దల యెదుట భాగములను కలిపి చూపి మెప్పు పొందెను. కాని ఆ ఒడంబడిక పూర్తి యగుసరికి 1809 వచ్చినది. పిమ్మట చరిత్రకారులు ఆయన తుపాకులను విప్పి పరీక్షింపగా వాటి భాగములు నిజముగా ఒకదాని స్థానమున మరియొకటి పట్టునవి కావని తేలినది. మాట ముందు పుట్టినది. పని తరువాత పుట్టినది.

గేజి చేసిన మేలు

ఆ పనిని సాధించినవాడు జాన్ హాల్. హార్పర్స్ ఫెర్రీలోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారములో 1819 మొదలు అతడు తన రైఫిలును యంత్రములపై చేయించెను. 1820 దశకపు చివర ప్రభుత్వము నియమించిన పరీక్షకులు ఆ రైఫిళ్లను విప్పి, భాగములను కలగలిపి, తిరిగి కూర్చి, అవి సరిపోవుచున్నవని నిర్ణయించిరి. కొలదికాలములోనే కనెక్టికట్ రాష్ట్రమున సిమియన్ నార్త్ అనునతడు తన కర్మశాలలో చేసిన భాగములు దూరమున నున్న హార్పర్స్ ఫెర్రీ రైఫిళ్లకు అతుకుట మొదలిడినవి. ఒకరినొకరు ఎరుగని పనివారు చేసిన ముక్కలు ఒక యంత్రముగా కూడుట అదియే ఆరంభము.

హాల్ రహస్యము యంత్రములలో కంటె గేజిలో ఎక్కువగా ఉన్నది. గేజి యనగా ఉక్కుతో చేసిన కొలతమచ్చు. భాగము ఒక మచ్చులో దూరవలెను. మరియొక మచ్చులో దూరరాదు. మొదటిదానిలో దూరనిచో అది లావు. రెండవదానిలోను దూరినచో అది సన్నము. రెండును త్రోసిపుచ్చదగినవే. ఈ తీర్పులో పనివాని పేరుగాని, అనుభవముగాని, మంచిమాటగాని లెక్కకు రాదు. అంతవరకు నేర్పరి వ్రేళ్లలో నుండిన విద్య గేజిలో చేరినది.

1854లో ఆంగ్ల ప్రభుత్వము పంపిన సంఘము అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు ఆయుధ కర్మాగారమునకు వెళ్లినది. 1844 మొదలు 1853 వరకు పదియేండ్లలో ఏడాదికొకటి చొప్పున చేసిన పది తుపాకులను ఏరి, విప్పించి, భాగములను కలగాపులగము చేయించినది. ఒక పనివాడు తిరుపుళి తప్ప వేరు పనిముట్టు లేక వాటిని తిరిగి పది తుపాకులుగా కూర్చెను. ఆంగ్లేయులు ఆ యంత్రములనే కొని తమ ఎన్‌ఫీల్డు కర్మాగారములో నెలకొల్పిరి. ఆ ఎన్‌ఫీల్డు పేరు మనకు 1857 తిరుగుబాటు కథలోని కొవ్వుపూసిన తూటాలతో పరిచితమే. 1904లో వంగదేశమున ఇచ్ఛాపురములో రైఫిలు కర్మాగారము స్థాపితమైనప్పుడు ఈ గేజి విద్యయే మన దేశమునకు వచ్చినది. కుట్టుమిషను, సైకిలు, మోటారుకారు, రేడియో, ఇవన్నియు ఆ విద్య సంతానమే.

తనంతట నిండు రైఫిలు

అర్ధస్వయంచాలకము అనగా నేమో ఇచ్చట చెప్పవలెను. పాత రైఫిలులో ఒక గుండు కాల్చిన పిదప చేతితో బోల్టును వెనుకకు లాగి, ఖాళీ తొడుగును పారవైచి, కొత్త తూటాను లోనికి త్రోయవలెను. అర్ధస్వయంచాలక రైఫిలులో ఆ పని తనంతట జరుగును. అనేక రైఫిళ్లలో గొట్టమునకు ఒక చిన్న రంధ్రముండును. మందు మండి పుట్టిన వాయువులో కొంత దానిగుండా వచ్చి, బోల్టును వెనుకకు నెట్టును. స్ప్రింగు దానిని తిరిగి ముందుకు త్రోయును. ఆ రాకపోకలో ఖాళీ తొడుగు బయటపడి కొత్త తూటా లోనికి పోవును. అయినను మీట నొక్కినప్పుడెల్ల ఒకే గుండు వెడలును. మీట పట్టియున్నంతసేపు గుండ్లు కురియునది పూర్తి స్వయంచాలకము. ఈ భేదమును అనేకులు పొరబడుచుందురు.

1936లో అమెరికా సైన్యము జాన్ గారండ్ రూపొందించిన ఇట్టి రైఫిలును తన సామాన్య ఆయుధముగా స్వీకరించెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము బెల్జియములో ఎఫ్.ఎన్. కంపెనీలో ద్యూదొనే సేవ్ రూపొందించిన ఫాల్ అను రైఫిలు అనేక దేశముల సైన్యములకు చేరినది. మన వార్తలలో వినబడు ఎస్.ఎల్.ఆర్. ఆ కుటుంబమునకు చెందినదే. 1960 దశకము మొదలు ఇచ్ఛాపురములో తయారై చాలకాలము మన సైనికుల చేతనుండినది.

పొదుపు ఎక్కడ?

రేడియో పెట్టెలలో వాల్వులు వెలిగిన దినములను పెద్దలు ఎరుగుదురు. వాల్వు మాడినచో పెట్టెను ఎవరును పారవేయలేదు. అదే నంబరు గల వాల్వును తెచ్చి గ్రుచ్చిరి. ఉత్సాహవంతులైన యువకులు కండెన్సరు ఒకచోట, స్పీకరు ఒకచోట కొని, రేకుపెట్టెపై సొంతముగా రేడియోను కూర్చుకొనిరి. వారికి కలిసివచ్చిన సూత్రమే అమెరికాలో రైఫిలు కూర్చువానికిని కలిసివచ్చినది. కొలత అందరిదైనప్పుడు భాగమును ఎవరైనను చేయవచ్చును. చేయువారు పెరిగినచో ధర తగ్గును.

ఇందుకు రెండు ఉదాహరణములు కలవు. మొదటిది ఏఆర్-15 అను రైఫిలు. దీనిని ఆర్మలైటు కంపెనీలో యూజీన్ స్టోనర్ రూపొందింపగా, 1959లో కోల్టు కంపెనీ హక్కులను కొనెను. 1970 దశకపు చివర ముఖ్యమైన పేటెంటు కాలము ముగిసినది. అప్పటినుండి అనేక కంపెనీలు దాని భాగములను చేసి అమ్ముచున్నవి. రెండవది ఫాల్. అనేక దేశములు తమ పాత ఫాల్ రైఫిళ్లను తొలగించినప్పుడు వాటిని ముక్కలు చేసి అమెరికాకు తక్కువ ధరకు అమ్మిరి. అయితే గొట్టమును బిగించి బోల్టును కాచు ముఖ్యమైన ఉక్కుపెట్టెను, అనగా రిసీవరును, మంటతో కోసి పనికిరాకుండ చేసిన పిదపనే మిగిలిన భాగములు ఆ దేశములో అడుగిడవలెను. కూర్చువాడు అమెరికాలో చేసిన కొత్త రిసీవరును వేరుగా కొనును. ఇక్కడను చట్టము ఊరకుండలేదు. 1990లో వచ్చిన శాసనము ననుసరించి చేసిన నిబంధనలలో 20 భాగముల పట్టిక యున్నది. కొన్ని జాతుల రైఫిళ్లను కూర్చునప్పుడు ఆ 20లో విదేశపు భాగములు పదికి మించరాదు. రైఫిలు కూర్చువాడు భాగములను పెండ్లిపద్దువలె లెక్కవ్రాసికొనవలసి వచ్చినది.

లెక్క పూర్తిగా చూచినచో పొదుపు తోచినంత కాదు. ప్రత్యేకమైన పనిముట్లు కావలెను, గేజిలు కావలెను, సరిపోని భాగమునకు బదులు మరియొకటి కొనవలెను. సొంతశ్రమకు విలువ కట్టినచో అంగడి రైఫిలే చవుకయగుట కలదు. పైగా కొలత అందరిదని చెప్పుట సులభము, ఉండుట కష్టము. ఫాల్ రైఫిలునే చూడుడు. బ్రిటిషు కూటమి దేశములు దానిని అంగుళముల కొలతలో చేసికొనినవి; యూరపు దేశములు మెట్రిక్ కొలతలో చేసినవి. చూపునకు రెండును కవలలు. అయినను మెట్రిక్ రైఫిలు తూటాపెట్టె అంగుళముల రైఫిలులో పట్టును. అంగుళముల పెట్టె మెట్రిక్ రైఫిలులో పట్టదు. చవుకయని కలిపి కొన్నవానికి ఇట్టి కవలలే తలనొప్పి.

వేయింట నాలుగు

తప్పుగా కూర్చిన రేడియో మూగపోవును. తప్పుగా కూర్చిన రైఫిలు పేలును. ఇదియే ఈ రెండింటికి గల పెద్ద భేదము. కారు చక్రములో గాలి చదరపు అంగుళమునకు సుమారు 30 పౌన్ల ఒత్తిడితో ఉండును. సైనికుల రైఫిలులో మందు మండిన క్షణమున ఆ ఒత్తిడి 50 వేల పౌన్లకు చేరును. కొన్నిట అంతకును మించును. ఆ బలమునంతను పట్టి ఆపునది బోల్టు. దానివెనుక, కాల్చువాని ముఖమునకు జానెడు దూరములో, వేరు అడ్డు లేదు.

బోల్టు మూసికొన్నప్పుడు తూటాకు ఎంత చోటు మిగులునను కొలత మిక్కిలి ముఖ్యమైనది. దానిని చూచుటకు రెండు గేజిలుండును. ఒకదానిపై బోల్టు మూసికొనవలెను, రెండవదానిపై మూసికొనరాదు. ఫాల్ వాడు తూటా జాతిలో ఆ రెండింటి నడుమ భేదము అంగుళములో వేయింట నాలుగు భాగములు మాత్రమే. అనగా తల వెండ్రుక మందమునకు కొంచె మెక్కువ. చోటు తక్కువైనచో బోల్టు సరిగా మూసికొనదు. ఎక్కువైనచో తూటా తొడుగు సాగి చిట్లును. వేడివాయువు వెనుకకు తన్నును.

కొలతలు ఇంత కచ్చితమైన కాలములో సైతము ఫాల్ రైఫిలు చేసినవారు ఇక్కడ ఒక మినహాయింపు ఉంచిరి. బోల్టు ఆనుకొను ఉక్కుకడ్డీని ఒకే మందములో కాక, వెండ్రుకవాసి భేదములతో అనేక మందములలో చేసిరి. ఏ గొట్టమునకు, ఏ రిసీవరునకు, ఏ బోల్టునకు ఏ కడ్డీ తగునో గేజితో చూచి ఏరవలసినదే. అనగా ఒక రైఫిలులో సరిపోయిన భాగములను విడదీసి మరియొక రిసీవరులో అమర్చినచో పాత కడ్డీ తగునన్న నమ్మకము లేదు. భాగములు తక్కువ ధరకు వచ్చినవని సంతసించి ఈ పరీక్షను మానుకొనువాడు గేజి ఖరీదును మిగిల్చి కన్నును పణము పెట్టుచున్నాడు.

చట్టమునకు వచ్చిన చిక్కు

ఇక చట్టము మాట. 1968లో అమెరికా చేసిన తుపాకుల నియంత్రణ శాసనము భాగములన్నిటిని పట్టుకొనలేదు. మీటను, మడమను, స్ప్రింగును ఎవరైనను కొనవచ్చును. ఒక్క రిసీవరును మాత్రము చట్టము తుపాకి అని పిలిచినది. దానిపై వరుస సంఖ్య ఉండవలెను. వర్తకుడు కొనువాని పూర్వచరిత్రను విచారింపవలెను. నాగసేనుని రథములో ఇరుసునకు మాత్రము రథమని పేరుపెట్టినట్లు!

వర్తకమునకు ఈ ఏర్పాటు సులువైనది. కాని రైఫిళ్లన్నియు ఒకే మాదిరిగా చేయబడలేదు. ఫాల్‌లో గొట్టము బిగియు పైపెట్టె తుపాకిగా లెక్కింపబడినది. ఏఆర్-15లో రెండు పెట్టెలు రెండు చీలలతో కలియును. బోల్టు పైదానిలో, మీట క్రిందిదానిలో ఉండును. అక్కడ క్రిందిపెట్టె తుపాకిగా లెక్కింపబడినది. పాత నిబంధనలు మాత్రము సుత్తి, బోల్టు, కాల్చు యంత్రము మూడింటిని కాచు భాగమే రిసీవరు అని నిర్వచించినవి. ఏఆర్-15లో ఏ ఒక్క పెట్టెయు ఆ మూడింటిని కాచుట లేదు. న్యాయవాదులు ఈ సందును పట్టుకొని న్యాయస్థానములలో వాదించిరి.

మరియొక సందు ఇంతకన్న పెద్దది. పూర్తికాని రిసీవరు తుపాకియా, ఉక్కుముక్కయా? కొంతపని మిగిల్చిన రిసీవరును, దానితో అన్ని భాగములను ఒక పెట్టెలో పెట్టి వర్తకులు అమ్మసాగిరి. తుపాకి కాదు గనుక సంఖ్య లేదు. సంఖ్య లేదు గనుక కొన్నవాని పేరు ఎచ్చటను లేదు. అట్టి తుపాకి నేరస్థలమున దొరకినచో పోలీసులకు దానిని వెంబడించు త్రోవ లేదు. అక్కడి పత్రికలు వీటికి దయ్యపు తుపాకులని పేరుపెట్టినవి. తన వాడుకకు తాను తుపాకి చేసికొనుటకు ఆ దేశపు కేంద్ర శాసనము సామాన్యముగా లైసెన్సు కోరదు. వేటకై, గురిపందెముల కొరకు కూర్చుకొను గృహస్థునికి ఇచ్చిన ఆ వెసులుబాటును, పేరు దాచుకొనువాడును వాడుకొనెను. 2022లో ప్రభుత్వము నిర్వచనమును మార్చి, సులభముగా పూర్తి చేయదగిన రిసీవర్లును, అట్టి పెట్టెలును తుపాకులే యని నిబంధన చేసినది. దానిపై వచ్చిన వ్యాజ్యములో 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ఆధిక్యముతో, ఇద్దరు విభేదింపగా, ఆ నిబంధన శాసనమునకు విరుద్ధము కాదని తీర్పు చెప్పినది.

మన దేశపు సమాధానము

ఇదే ప్రశ్నకు మన దేశము ఇచ్చిన సమాధానము వేరు. 1959 నాటి ఆయుధముల చట్టములో ఆయుధము అను మాటకు చెప్పిన అర్థములోనే ఆయుధముల భాగములును, వాటిని చేయు యంత్రములును చేరియున్నవి. ఏది తుపాకి అని ఏరవలసిన పని లేదు. చట్టము దృష్టిలో ప్రతి భాగమును ఆయుధమే. లైసెన్సు లేక చేయుట, అమ్ముట, మార్చుట మాత్రమే కాదు, బాగుచేయుటయు నేరమే. 2019 సవరణ తరువాత అక్రమ తయారీకి ఏడేండ్లకు తక్కువ కాని, యావజ్జీవము వరకు పోగల శిక్ష ఉన్నది. ఒకప్పుడు మనయింట రేడియోకును ఏటేట లైసెన్సు రుసుము చెల్లింపవలసి యుండెను. 1980 దశకములో అది తొలగినది. తుపాకి లైసెన్సు తొలగలేదు సరికదా, మరింత బిగిసినది. ఈ భేదమునకు కారణమును వేరుగా చెప్పనక్కరలేదు.

అయినను చట్టము కఠినమైనంత మాత్రమున పని ముగిసినదని చెప్పరాదు. మన ఏజెన్సీ గ్రామములలో నాటు తుపాకులు నేటికిని పట్టుబడుచున్నవి. అవి ఆకురాయి నాటి తుపాకులే. వాటికి గేజియు లేదు, సంఖ్యయు లేదు. పేలి చేతులు పోగొట్టుకొన్నవాడు ఎవరిని అడుగవలెను? గురితప్పి పొరుగువానికి తగిలినచో పొరుగువాడు ఎవరిని అడుగవలెను?

భాగములుగా చేయు విద్య మనుష్యునికి చవుకదనమును ఇచ్చినది. విరిగినదానిని పారవేయక బాగుచేసికొను వీలును ఇచ్చినది. కుట్టుమిషను, సైకిలు, రేడియో సామాన్యుని ఇంటికి వచ్చినది ఆ విద్య వలననే. కాని వస్తువు ఒక పనివాని చేతినుండి వెడలినప్పుడు దాని మంచిచెడ్డలకు ఆ పనివాడు జవాబుదారి. పది కర్మాగారములనుండి వచ్చిన ముక్కలను ఇంటిబల్లపై కలిపినప్పుడు జవాబు చెప్పవలసినవాడు ఎవడో వెదకవలసి వచ్చును. రైఫిలు విషయములో ఆ జవాబు రెండుచోట్ల ఉన్నది. భాగములు నిజముగా కుదిరినవా అనుటకు గేజి, ఆయుధము ఎవరిది అనుటకు సంఖ్య. ఈ రెండింటిని ఖర్చుపట్టికనుండి కొట్టివేసినవాడు పొదుపు చేసినట్లు కాదు. ఆ ఖర్చును ఇతరుల నెత్తిన వేసినట్లు.